ఇత్తడి బిళ్ళ తలపాగా

హలో… ఆ, నేనే, మీ బావను. మార్కాపురం టపా ఆఫీసు నుంచి. మామూలు బావను కాదు గురవయ్యా! తాలూకా మొత్తంలో బండలాగుడు పందేలకు లైసెన్సున్న ఒకే ఒక్క మధ్యస్తుణ్ణి మాట్లాడతాండా!

…ఆ, ఇత్తడి బిళ్ళే. తలపాగాకు కుట్టించినా.

…ఏందీ, ఈ లైసెన్సుకు నువ్వూ ఫీజు కడతావా? …దేన్ని అమ్మి? …రెండు సూడి గొర్రెలనా! నీ తెలివి మండ! ఆగు, సంతకు తోలబాక. విను.

మా తిరునాళ్ళ కమిటీ సెక్రటరీ చెన్నపట్నంలో దొరల గుర్రప్పందేలు చూసొచ్చినాడు. అక్కడ పందేలు పట్టేటోనికి లైసెన్సంట, ఫీజంట. ఇక్కడా అట్లనే కావాలంట. బిళ్ళ నెత్తిమీద కనపడాలంట. ఎద్దుకు మూతేదో తోకేదో తెలవని మొగం!

…మరి మన కాడ మధ్యస్తుడు ఎట్ల నిలబడతాడు? …ఆ, తలగుడ్డ తీసి. రెండు పక్కల పందెం డబ్బులూ ఆ గుడ్డలోనే గదా మూట గట్టేది! నెత్తిన గుడ్డ ఉంటే ఏమని అర్థం? …భేష్. వాడూ ఏదో ఎద్దుల జత మీద కాసినాడని.

తిరునాళ్ళలో బిళ్ళతో నిలబడినా. ఒక్కడు రాలే! "నువ్వే జత మీద కాసినావు మాలకొండయ్యా?" అని పందేనికి ఎద్దులు తెచ్చిన యల్లయ్య మొగం మీదే అడిగినాడు. సిగ్గేసి గుడ్డ తీసినా. జనం మూగినారు. అంతలో సెక్రటరీ దిగినాడు, బిళ్ళేదీ అని. మూటలో ఉందయ్యా, పందెం డబ్బుల కింద! రూలు తప్పినావని లైసెన్సు పీకినాడు.

…ఆ, పొద్దున లైసెన్సుదారుణ్ణి, మధ్యాహ్నానికి వట్టి మీ బావను.

…ఫీజా? వెనక్కి రాదంట. అదీ ఆ మహానుభావుడి చదువు!

…ఇంకెవరు, ఆయనే నిలబడినాడు, బిళ్ళ టోపీకి తగిలించుకొని. కుక్క కూడా పోలే. పందేలు లేకుంటే ఎద్దులను తోలుకొని పోతామన్నారు రైతులు. కడాకు ఆయనే నా కాడికొచ్చి, బిళ్ళా వద్దు ఫీజూ వద్దు, బోడినెత్తిన నిలబడు తండ్రీ అన్నాడు. అంటా ఉండగానే యల్లయ్య ఎద్దు ఆ టోపీ లాగి, బిళ్ళతో సహా నమిలి మింగింది!

…ఒట్టు! …మీ అక్క మీదనా? …మీ అక్క మీద ఎందుకులేరా.

…ఏందీ? నా మాటల్లో ఏది అబద్ధమో చెప్తేనే గొర్రెలను వెనక్కి మళ్ళిస్తావా? మొండి ముండాకొడకా!

అయ్యా పోస్టుమాస్టరుగారూ, ఒక్క మాట, అయిపాయ!

సరే గురవయ్యా. ఎద్దు మింగలే. టోపీ వాసన చూసి తుమ్మింది, అంతే. తక్కినదంతా… హలో? …గొర్రెలను మళ్ళించినావా? …హలో?