ఆరని పాళీ

నంద్యాలలో దేవమ్మ ఇల్లు. శనివారం మధ్యాహ్నం. చాప మీద కాగితాలు, పెన్నులు, నీళ్ల చెంబు. చుట్టూ ముగ్గురు: దేవమ్మ, ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఆమె పెద్దకొడుకు జీవరత్నం, తిమోతి భార్య అయిన చిన్నకోడలు ఫెబా.

"ఇంగా పొయ్యి ఫెబా. భయపడాకు, ధారగా పొయ్యి."

"పోస్తాండా బావా. ఆయన పేరు మీద నీళ్లు పొయ్యల్లంటే చెయ్యి ఆడడం లేదు."

"పేరు గాదులే, ఉత్త మొదటి అచ్చరమే. ఆఁ, చూసినావా? కదల్లే. దానిమ్మగింజ మాదిరి ఎర్రగా అట్లనే నిల్చింది. పోయినసారి మామూలు ఇంకుతో రాసిస్తిమి. రాళ్లు చెక్కే కొండయ్య కాగితాన్ని తడిపి సమాధి బండకు అంటించేసరికి అంతా కారిపోయి నీలం బురద అయింది. ఉలి యాడ పెట్టల్లప్పా అని నా మీద ఎగిరినాడు. ఈ ఇంకు కారదు."

"కారదంటే ఇంగేం జీవా, రాసెయ్. ఆళ్లగడ్డ బస్సుకు టైమయితాంది. కొండయ్య చీకటి పడేదాకా చూస్తానన్నాడంటివి."

"రాస్తా ఉండమ్మా. ఈ పెన్ను నాది, సన్నపాళీ. దీంతో రాస్తే గీత వెంట్రుక మాదిరి ఉంటాది. వెడల్పు పాళీ కావల్ల. తిమోతి పెన్నులు తీసిపెట్టమంటిని గదా ఫెబా."

"తీసిపెట్టినా. ఇవిగో. రెండే ఉండేది. మూడోది అప్పుడే కనపల్లే. ఆయన జోబీలో ఉండెనేమో."

"మూత రాదే ఇది. ఆఁ, వచ్చింది. గీస్తే పడదు. నీళ్లల్ల ముంచినా... ఊహూఁ."

"ఆ రెండోది చూడండి బావా."

"ఇదీ అంతే. చూడు, పాళీ కింద పొట్టు మాదిరి లేస్తాంది. రంగు మాత్రం పోలే, చూసినావా. నెమలి రంగు."

"చూసినా. లోపల పెట్టేయండి."

"ఏమైంది?"

"ఏం లేదు. రెండేండ్లాయె గదా ముట్టుకోక, ఎండిపోయింటాది."

"రెండేండ్లు అక్కర్ల్యా. ఇది మామూలు ఇంకు మాదిరి నీళ్లల్ల కరిగేది గాదు. మెత్తని రంగుపొడి, నీళ్లల్ల తేల్తాంటాది. కాగితం మీద ఆరిందంటే ఇంగ పోదు, పెన్నులో ఆరినా పోదు. రోజూ రాస్తాంటేనే బాగుంటాది. రెండు నెలలు మూలనపెడితే పాళీలో సిమెంటు మాదిరి గడ్డకడతాది. తిమోతే చెప్పేవాడు నాకు. అన్నా, ఈ ఇంకు పోసినోడు పెన్నును ఇడ్సిపెట్టకూడదు అని."

"నాకూ చెప్పేవాడు. బైబిల్ వాక్యం కార్డులు రాసి, మీద కుంచెతో పూలకు రంగులు పూసేటోడు గదా. అక్షరం చెదరకూడదని ఈ ఇంకే. రంగు గూడా ఎప్పుడూ నెమలి రంగే. వేళ్లు ఎప్పుడు చూసినా అట్లనే ఉండేవి."

"ఆ కతలన్నీ ఇప్పుడెందుకు పాపా? కుమిలింది చాలదా?"

"కతలేం చెప్పడంలే అత్తా. మాటకు మాట వచ్చింది."

"ఫెబా, ఒకటడుగుతా, కోపం చేసుకోవాకు. ఈ బండ నీ ఇష్టంతోనే గదా వేపిస్తాండేది?"

"ఇష్టం ఏముంది బావా. నందికొట్కూరు ప్రార్థన కూటాలకు పోతానని పోయినాడు. దావలో కాలువ నీళ్ల గట్టున బండి దొరికె, చెప్పులు దొరికె. ఈతగాళ్లు దిగి వెదికిరి. మనిషి దొరకలే. మనిషి లేని సమాధి మీద పేరెట్ల రాస్తారు? తేదీ ఏమని రాస్తారు?"

"బండి దొరికిన తేదీ రాస్తారు. దాంట్లో అడిగేదేముంది?"

"అది బండి దొరికిన దినం అత్తా. ఆయన చచ్చిపోయిన దినమని ఎవురు చూసినారు?"

"ఎవురు చూడల్ల? చర్చి అయ్యగారు గూడా చెప్పలేదా? బండ ఎయ్యండి, ప్రార్థన చేపించండి, ఇంట్లో నెమ్మది వస్తాదని. జీవా, ఈ పిల్లకు వాడు కనపడతాండాడంట. నువ్వన్నా చెప్పు."

"కనపడతాండాడని అన్లే నేను."

"మరేమంటివి?"

"బావ ముందర వద్దులే."

"చెప్పు ఫెబా. నేను నగను."

"నగినా పర్వాలేదు. గడివేముల బడి నుంచి నేను వచ్చేసరికి ఒక్కోపొద్దు ఇల్లు వేరే తీరుగా ఉంటాది బావా. ఇంట్లో అత్త ఒక్కతే. కడిగి బోర్లిచ్చిన అన్నం తట్టలు రెండు. గోడవారన ఉండే ఆయన పీట నడిమింట్లో ఉంటాది. కుక్క గేటు కాడ నిలబడి రోడ్డు దిక్కు చూస్తా తోక ఊపుతాంటాది."

"కుక్క ఎవుర్ని చూసినా ఊపుతాది."

"అది నన్ను చూసినా మొరుగుతాది అత్తా, నేనీ ఇంటికొచ్చి ఇన్నేండ్లాయె."

"తట్టలు రెండంటే... అమ్మ పక్కింటి రాములమ్మకు పెట్టింటాది."

"నేనూ అదే అనుకున్నా బావా. మొన్న సబ్బు చూసినదాకా అదే అనుకున్నా."

"సబ్బా?"

"తొట్టి కాడ సబ్బు. దాని మీద మరక. నెమలి రంగు. గీకినా పోలే. కార్డులు రాసి ఆయన చేతులు కడుక్కుంటే సబ్బు అట్లనే అయ్యేది. నేను దాన్ని చేతిలో పట్టుకోని ఆడనే కూర్చుండిపోయినా."

"పాత మరక అని ఆ పొద్దే చెప్తిని గదా."

"మొన్న ఒకటో తేదీ నేను కొన్న సబ్బు అత్తా. పాత మరక దాని మీదికి ఎట్లొస్తాది?"

"అయితే దయ్యం వచ్చి చేతులు కడుక్కోని పోయిందంటావా? మనం ప్రార్థన చేసే ఇండ్లోళ్లం. అట్ల అనచ్చునా?"

"నాకు తెల్దు అత్తా. ఆ సబ్బు పారెయ్యలే నేను. కవర్లో చుట్టి బీరువాలో పెట్టినా. పిచ్చి అనుకోండి బావా. ఆయన ఆ నీళ్లల్ల నుంచి లేచి వస్తాండాడు, నన్ను చూసేదానికే వస్తాండాడు, నేను లేనప్పుడే వచ్చి పోతాండాడు, అని బడిలో ఎక్కాలు చెప్తా చెప్తా అదే తలుచుకుంటా. ఒక పొద్దు చెప్పకుండా సెలవు పెట్టి ఇంట్లోనే కూర్చుంటి. వాకిలి దిక్కే చూస్తా పొద్దుగూకేదాకా కూర్చుంటి. రాలే."

"రాడు ఫెబా. పోయినోళ్లు రారు."

"అందుకే జీవా నేను తొందరపెడతాండేది. బండ పడిందంటే ఈ పిల్ల మనసు కుదురుతాది. చిన్న వయసు. దీనికీ ఒక దారి చూడల్ల గదా."

"నాకు దారి చూడమని నేను అడగలే అత్తా."

"అమ్మా, నువ్వు గమ్మునుండు. ఫెబా, నీ మాటే నాకు. వద్దంటే ఈ పొద్దే కొండయ్యకు ఫోన్ చేసి ఆపేస్తా."

"నిద్ర ల్యాక తల పగిలిపోతాంది బావా. కన్ను మూస్తే నీళ్ల చప్పుడే. రాసెయ్యండి. పోయినాడని రాస్తే అప్పుడన్నా నన్ను వదుల్తాడేమో. నేనూ వదుల్తానేమో."

"నాయన బండ మీద పేరు తిమోతి రాసినాడు. ఇంటోళ్ల చేతిరాతే ఉండల్లని నాయన అనేది. ఇప్పుడు వానిది నేను రాయల్లంటే... ఎవురనుకున్నారు."

"రాయి నాయనా. అన్న చేతిరాత. అంతకంటే ఏం కావల్ల వానికి?"

"రాసేదానికి పాళీ ఏదమ్మా? ఈ రెండూ వేణ్ణీళ్లల్ల నానబెట్టినా కరగవు. వెడల్పు పాళీ ఈడ బజార్లో దొరకదు, కర్నూలుకు పోవల్ల. సోమవారం చూద్దాంలే."

"సోమవారం వద్దు. ఈ పొద్దే కావల్ల. ఉండు. నా కాడ ఒకటుంది."

"నీ కాడ పెన్నా? వేలిముద్ర ఏసే దానివి."

"ఎగతాళి చాల్లే. వాందే, తిమోతిది. నా పెట్టెలో ఉండె. ఇదిగో."

"అత్తా, ఇది మూడోది."

"ఊఁ."

"నేను ఇల్లంతా వెదికితి గదా. నీ పెట్టె గూడా తీసి చూస్తి. ఆయన జోబీలో ఉండెనని పోలీసోళ్లకు చెప్తి."

"బట్టల మడతల్లో ఉండె, నీకు కనపల్లే. చూస్తే ఇంగా ఏడుస్తావని నేనూ చెప్పలే."

"సరేలే, దొరికింది. గానీ ఏం లాభమమ్మా? ఇదీ వాటి మాదిరే గడ్డకట్టింటాది."

"రాస్తాది. గీసి చూడు."

"రెండేండ్లు పెట్టెలో పడుంటే ఎట్ల రాస్తాది?"

"గీసి చూడమంటాండా గదా జీవా. ఊరికే మాటలు."

"చూస్తాలే. ఇదిగో."

"బావా."

"ఉండు ఫెబా."

"బావా, గీత పడింది."

"చూస్తాండా."

"విదిలియ్యను గూడా విదిలియ్యలేదు మీరు. పెట్టంగానే పడింది. నెమలి రంగు."

"దేవుడే రాపిస్తాండాడు అనుకోండి. బిడ్డ పెన్ను బిడ్డ పేరు రాసేదానికే నిల్చింది. రాసెయ్ నాయనా, బస్సు పోతాది."

"అమ్మా, నా వేలు చూడు. పచ్చిగా అంటింది. పెన్ను నిండా ఉంది ఇంకు. ఫెబా, ఈ రంగు సీసా ఉందా ఇంట్లో?"

"లేదు బావా. ఒకటే సీసా ఉండె. ఆ పొద్దు సంచిలో వేసుకోని పోయినాడు, కూటాల్లో కార్డులు రాసిస్తానని."

"అమ్మా, ఎవురు నింపినారు దీన్ని?"

"నాకేం తెల్సు? దాని పాటికి అది ఉండె."

"ఇంతసేపూ నీ ముందరే గదా చెప్తి, రెండు నెలలకే గడ్డకడతాదని. ఇది నిన్నో మొన్నో నింపింది. ఎవురు?"

"నువ్వు చెప్పింది నేను ఇన్లే. బస్సు గురించి ఆలోచన చేస్తాంటి."

"ఎవురమ్మా?"

"అరవాకు జీవా. పక్కింటోళ్లు ఇంటారు."

"అత్తా, నా దిక్కు చూడు. సబ్బు మీద మరక చూసిన పొద్దు నీ కాళ్ల కాడ కూర్చోని ఏడిస్తి. నాకు పిచ్చి పడతాందా అత్తా అని అడిగితి. నువ్వు నా తలకు నూనె పెట్టి, చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తివి. ఈ పిల్లను పీడించేదాన్ని ఎల్లగొట్టు ప్రభువా అని చేస్తివి. గుర్తుందా?"

"గుర్తుంది."

"ఆయన యాడ?"

"పాపా, నేను చెప్పేది ఇను ముందు."

"యాడుండాడు?"

"ప్యాపిలిలో."

"తిమోతా? బతికే ఉండాడా అమ్మా?"

"ఉండాడు. ఆడ ఇంగో సంసారం పెట్టినాడు. బిడ్డ గూడా పుట్టింది. మొదట నాకూ తెల్దు జీవా. నీతో పాటే నేనూ నీళ్ల గట్టున పడి పొర్లితి గదా. ఆ తర్వాత ఒక పొద్దు వాకిట్లో వచ్చి నిలబడె. చచ్చినాడని ఏడ్చిన కొడుకు వస్తే ఏ తల్లి తరుముతాది? ఈ పిల్ల బడికి పోయినాక వచ్చి, ఇంత సంకటి తిని పోతాండె. చెప్పద్దమ్మా అని కాళ్లు పట్టుకునె."

"బండ ఎయ్యాలని ఎవురనిరి?"

"వాడే. బండ పడితే అందరూ మర్సిపోతారు, ఫెబా గూడా ఇంగో పెండ్లి చేసుకుంటాది, నువ్వే వేపియ్యమ్మా అన్నాడు. పోయినసారి ఇంకు కారిపోయిందని చెప్తే, మొన్న వచ్చినప్పుడు ఈ పెన్ను నింపి ఇచ్చినాడు. అన్నకియ్యి, ఇది కారదు అని."

"వాని సమాధి రాతకు వాడే ఇంకు పోసిచ్చినాడా?"

"తిట్టు జీవా. కొట్టు. ఒకసారి పోగొట్టుకుంటి, మళ్లా పోగొట్టుకోలేకపోతి."

"నేను ఎన్నిసార్లు పోగొట్టుకోవల్ల అత్తా?"

"నువ్వు లెయ్ ఫెబా. కొండయ్యకు ఫోన్ చేసి బండ వద్దని చెప్తాండా. ప్యాపిలికి పోదాం పా. వాన్ని చొక్కా పట్టుకోని నీ ముందరికి ఈడ్చుకొస్తా."

"వద్దు బావా. కూర్చోండి."

"కూర్చునేదేంది?"

"ఫోన్ పెట్టేయండి. పెన్ను మూత తీసి పెట్టినారు, పాళీ ఆరిపోతాది. కాగితం దగ్గరికి తీసుకోండి."

"ఫెబా, నువ్వు విన్లేదా? వాడు బతికుండాడు."

"వింటి బావా. పేరు పెద్దగా రాయండి, కొండయ్యకు కనపడేటట్ల. కింద పుట్టిన తేదీ. అది మీకు తెల్సు."

"పోయిన తేదీ?"

"ఈ పొద్దుది ఎయ్యండి."