తువ్వాలు మీదున్న రక్తం నాది

నా పేరు పైన రాశారు. వీధిలో మూగతాత అంటారు. మూగవాణ్ణి కాను, మాట తక్కువ. వయసు డెబ్బై ఆరు. ఒకప్పుడు వడ్రంగిని. ఐదో తరగతి చదివాను. కూతురు, అల్లుడు, మనవరాలితో ఉంటున్నాను.

నా కూతురు ఇళ్లు అమ్మిపెడుతుంది. అల్లుడికి నలభై ఆరు. వేసవిలో ఉద్యోగం వదిలేసి వచ్చి, కారు షెడ్డులో బరువులెత్తడం మొదలుపెట్టాడు. జుట్టుకు రంగేశాడు. అప్పటినుంచి మొగుడూ పెళ్లాలకు మాటల్లేవు. ఏదైనా నాతోనే కబురు. మనవరాలు చెవుల్లో పాటలు పెట్టుకుని గదిలోంచి రాదు.

“నాన్నా, ఈ వయసులో కండలు పెంచి ఎవరిని ఉద్ధరిస్తాడో అడుగు” అనేది కూతురు. నేను షెడ్డుకు వెళ్లి, “బాబూ, భోజనానికి రమ్మంటోంది” అనేవాణ్ణి.

“చచ్చాక వస్తానని చెప్పండి మామయ్యా.”

“వస్తున్నాడమ్మా, కూర వాసన బాగుందన్నాడు” అని చెప్పేవాణ్ణి. ఇందులో తప్పేమీ నాకు కనబడదు. చిత్రిక పట్టి నునుపు చేయని చెక్కను నేను ఎవరి చేతికీ ఇవ్వలేదు.

నిన్న ఉదయం నాకు దవడపన్ను పీకారు. అల్లుడే కారులో తీసుకెళ్లి తీసుకొచ్చాడు. పదకొండున్నరకు వంటింట్లో మళ్లీ రక్తం కారితే తన తువ్వాలు ఇచ్చాడు. నాకు నోరు పెగల్లేదు. కబురు మోసేవాడు లేక కూతురే నేరుగా అంది:

“కూర బాగుందని రోజూ పొగుడుతారటగా, ఎదురుగా ఒక్కసారి అనడానికి నోరు రాదా?”

“నేనెప్పుడు పొగిడాను? నువ్వేగా, ఈ రంగు నాకు నప్పిందన్నావట!”

“నేనా? తారు పూసిన గుమ్మడికాయలా ఉందన్నాను!”

ఇద్దరూ నా వైపు చూశారు. నేను తువ్వాలు ఇంకాస్త అదుముకున్నాను.

అప్పుడు నా కూతురు కేక పెట్టింది. అది ఏడుపు కాదు, నవ్వు. దాని నవ్వు చిన్నప్పటినుంచీ కేకలాగే ఉంటుంది. పక్కింటాయన ఈ మధ్య విని ఉండడు. మేమూ వినలేదు. అల్లుడు తువ్వాలు ఉతకడానికి పెరట్లోకి వెళ్లాడు. గోడ మీదుగా పక్కింటాయన చూసింది ఆ రక్తపు తువ్వాలునే. ఆయనా మంచికే మీ పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేశాడు.

నా కూతురు చెబితే, మొగుణ్ణి వెనకేసుకొస్తోందని మీరు నమ్మలేదు. అది మొగుణ్ణి వెనకేసుకొచ్చి చాలా కాలమైంది సార్. ఆ రక్తం నాది. పన్ను జేబులో ఉంది, చూసుకోండి. అల్లుడు ఎవరినీ కొట్టలేదు. అతన్ని ఇంటికి పంపండి. ఇంటికెళ్లాక మళ్లీ పోట్లాడుకుంటారు, నాకు తెలుసు. ఎదురెదురుగా పోట్లాడుకోనివ్వండి. నేనిక కబుర్లు మోయను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. చెప్పింది చెప్పినట్టే ఉంది. దీనికి మాత్రం చిత్రిక పట్టలేదు.

(సంతకం)