తాళాలవాడు తట్టిన తలుపు

మెట్లమీద కూర్చుని నా చెవులారా విన్నాను, ఇందులో ఒక్క అక్షరం కూడా నా సొంతం కాదు. మూసిన తలుపుకి బయట తాళాలు బాగుచేసే తండ్రి, లోపల కూతురు.

"నలభై ఆదివారాలుగా తడుతున్నావు. నీకు ఈ తాళం ఒక లెక్కా నాన్నా?"

"కాదమ్మా. తాగే రోజుల్లో ఎన్నిసార్లు తీయలేదూ, మీ అమ్మ గాజులు పట్టుకుపోలేదూ!"

"మరిప్పుడేమైంది?"

"నువ్వు తీస్తేనే లోపలికొస్తానని దేవుడికి మొక్కుకున్నాను తల్లీ."

"తాగుడు ఆయనే మానిపించాడా?"

"ఆయనే. రెండేళ్లయింది. క్షమించమని మాత్రం నిన్నే అడుక్కోమన్నాడు."

"అమ్మ అంతా వింటోంది."

"ఏమంటోంది?"

"ఇంకో కంచం పెట్టమంటోంది. ఉండు, తలుపు తీస్తున్నా."

నలభై ఆదివారాలన్నది మాత్రం నా కల్పన. మూడోవారానికే తీసేసింది, పిచ్చితల్లి.