చూడకుండా మాటిచ్చిన కాలేజీ

"తాతయ్యా, అమ్మ బీకాం చదివిన కాలేజీ ఏది? అందులోనే ఎందుకు చేరిందని అడిగితే, నిన్నే అడగమంటోంది."

నన్నడగమందా? అట్టా అందా మీ అమ్మ. సర్లే, అడగాల్సింది నన్నేలే. ఆ ఫోనేంటి అక్కడ పెట్టావు, రికార్డవుతోందా? అయితే ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా, నా మాట నాకే వినపడట్లా.

కాలేజీ పేరెందుకులే. ఇప్పుడది లేదు కూడాను, ఎప్పుడో ఎత్తేశారు. ఎందుకు చేరిందంటే, నేను మాటిచ్చాను గనక చేరింది. అంతే. అంతే అంటే అంతే కాదనుకో. మొదట్నించీ చెప్పాలి.

నువ్వు ఇంటరు రెండేళ్ళూ మన ఇంట్లోనే ఉండి నూజివీడు వెళ్ళొచ్చి చదివావు కదా, చూసే ఉంటావు. మన మామిడి తోట పూతకొచ్చిందంటే వ్యాపారులు దిగుతారు. వాళ్ళు ఊరికే గట్టు మీద నించుని బేరం ఆడరు. రోడ్డు పక్క చెట్లు చూసి మోసపోయేవాడు వ్యాపారే కాదు. లోపలికి పోతాడు, ఆ మూల చివరి చెట్టు దాకా పోతాడు. కొమ్మ వంచి పూత చూస్తాడు, బోరు మోటారు ఆన్ చేయించి నీళ్ళు చూస్తాడు, పక్క తోటవాణ్ణి పలకరించి పోయినేడు కాపెట్టా ఉందని కూపీ లాగుతాడు. అప్పుడు బయానా, అదే అడ్వాన్సు, ఇస్తాడు. అది పుచ్చుకున్నామా, ఇక ఆ ఏడు కాపు అతనిది. ఇంకోడు రెట్టింపు ఇస్తానన్నా గట్టెక్కనివ్వం. మన దగ్గర పద్ధతది.

మీ అమ్మ ఇంటరు చదివే రోజుల్లో ఒకేడు చింతలపూడి వ్యాపారికి పూత మీదే తోట ఇచ్చేశా. ఆ ఏడేమో, నీకు చెప్తే నమ్మవు, చుట్టుపక్కల పూతంతా రాలిపోయి, మన తోట ఒక్కటే కాసింది. రేటు ఎక్కడికో పోయింది. ఇంకో ఆయన కారేసుకుని వచ్చాడు. అప్పట్లో కారంటే మాటలు కాదు, ఊళ్ళో పిల్లలంతా వెనకాల. ఆ చింతలపూడి ఆయన బయానా వెనక్కిచ్చెయ్యండి, నేను చూసుకుంటా అన్నాడు. మజ్జిగిచ్చి పంపించేశా. ఆగిరిపల్లి దాకా చెప్పుకున్నారమ్మా ఆ సంగతి, ఫలానా ఆయన మాటంటే మాటేనని. నాకది తలకెక్కింది. ఇప్పుడు చెప్తున్నా, బాగా తలకెక్కింది.

ఆ మరుసటేడే మీ అమ్మకి ఇంటరు ఫలితాలు. అప్పుడిట్టా ఫోన్లో చూసుకోడం లేదుగా, పేపర్లో నంబర్లు వెతుక్కోడమే. ఫస్టు క్లాసు. జూనియర్ కాలేజీలో వాళ్ళ కామర్సు మాస్టారు చెప్పాడంట, అమ్మాయ్ నీకు లెక్కలు బాగా పట్టుబడ్డాయి, విజయవాడలో ఫలానా కాలేజీకి పంపించమని మీ నాన్నకి చెప్పు, అక్కడ అకౌంట్లు చెప్పేవాళ్ళు ఏళ్ళ తరబడి కుదురుగా ఉన్నారు, ఆడపిల్లలకి హాస్టలుంది, అక్కణ్ణుంచైతే సీఏ చదవొచ్చు అని. ఈ పిల్ల తనే అప్లికేషను తెప్పించుకుని, తనే నింపి, పోస్టులో పంపింది. నాకు చెప్పింది. నేను ఊఁ అన్నా. కోతలప్పుడు ఎవరేం చెప్పినా ఊఁ అంటాంగా.

తర్వాత మూర్తి గారని ఒకాయనొచ్చాడు. స్కూటరు మీద. తోటలో పాక కింద కాయలు గ్రేడింగు చేయిస్తున్నా. సన్నగా, చొక్కా చెమటకి తడిసిపోయి ఉన్నాడు పాపం. పక్క టౌనులో కొత్తగా డిగ్రీ కాలేజీ పెట్టారండీ, బస్సు మీ మలుపులోనే ఆగుతుంది, మీ అమ్మాయి పొద్దున వెళ్ళి సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఇంట్లో ఉంటుంది అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు తియ్యగా తగిలింది. హాస్టలంటే నాకు భయం. ఒక్కత్తే కూతురు. అకౌంట్లు ఎవరు చెప్తారండీ అనడిగా. నేనేనండీ అన్నాడు. మనిషి మంచివాడిలా కనపడ్డాడు. చెరుకు రసం మామిడిపండొకటిస్తే రసం మోచేతి దాకా కారేట్టు తిన్నాడు. బాగా ఆకలి మీదున్నాడనుకుంటా.

సర్టిఫికెట్లు ఇస్తే సీటు రాసేసుకుంటామన్నాడు. మీ అమ్మ ఇంట్లో లేదు, విస్సన్నపేట వాళ్ళ పిన్ని దగ్గరికి వెళ్ళింది. మీ అమ్మమ్మ అప్పుడే అంది, పిల్లని రానివ్వండి, మీరూ ఓసారి ఆ కాలేజీ చూసిరండి అని. కోతలప్పుడు నాకు తీరికెక్కడిదే అని కసిరా. ఒరిజినల్స్ తీసి ఆయన చేతిలో పెట్టా. మాటిచ్చానండీ, మా పిల్ల మీ కాలేజీకే వస్తుంది అన్నా. మీ అమ్మమ్మ ఉన్నన్నాళ్ళూ దెప్పింది నన్ను. దెప్పాల్సిందే.

మూడో రోజో నాలుగో రోజో, నాలుగో రోజేలే, మీ అమ్మ అప్పటికి తిరిగొచ్చింది, విజయవాడ నుంచి కార్డొచ్చింది. సీటిచ్చాం, ఫలానా తారీకులోగా సర్టిఫికెట్లతో రమ్మని. ఆ కార్డు పట్టుకుని తోటలోకి పరిగెత్తుకొచ్చింది. చెప్పులు కూడా వేసుకోలేదు. ఎండకి ఇసక కాలిపోతోంది. కార్డు చూపించింది. నేను చెప్పా, ఇట్టా జరిగిందమ్మా, మాటిచ్చేశాను అని. వెనక్కి తెచ్చుకోవచ్చుగా నాన్నా, ఇంకా కాలేజీలు తెరవలేదుగా అంది. కార్లో వచ్చినోణ్ణే వెనక్కి పంపినవాణ్ణి, స్కూటరు మీద వచ్చినాయన దగ్గర మాట తప్పుతానా అన్నా. పనివాళ్ళంతా వింటున్నారు. వాళ్ళు వింటున్నారనే ఇంకాస్త గట్టిగా అన్నా.

అప్పుడంది చూడు. "మాటిచ్చింది నువ్వు నాన్నా. చదివేది నేను."

అంతే. ఆ కార్డు మడిచి జాకెట్లో పెట్టుకుని, కూలీల పక్కన కూర్చుని సాయంత్రం దాకా కాయలు ఏరింది. నేను గెలిచాననుకున్నా.

మంచినీళ్ళు ఇవ్వమ్మా. చాలు చాలు.

దసరా సెలవులయ్యాక బస్సు పాసు మీద నా సంతకం కావాలంటే, ఏదో పని మీద అటు వెళ్తూ నేనే వెళ్ళా. అప్పుడు చూశా ఆ కాలేజీ మొదటిసారి. ఎరువుల కొట్టు మీద మేడ. రెండు గదులు. మెట్ల దాకా యూరియా బస్తాలు. పైకెళ్ళేసరికి, మీ అమ్మ చాక్‌పీసు పట్టుకుని బోర్డు దగ్గర నించుని ఉంది. ఎదురుగా పదిమందో పన్నెండు మందో ఆడపిల్లలు, వాళ్ళకి అకౌంట్లు చెప్తోంది. ఇదేంటే, మూర్తి గారేరి అనడిగా. ఆయనకి బ్యాంకులో ఉద్యోగం వచ్చింది నాన్నా, వెళ్ళిపోయి నెలయింది అంది. మరి నాకు చెప్పలేదేంటే అన్నా. చెప్తే ఏం చేస్తావు నాన్నా, మాటిచ్చావుగా అంది. ఎత్తిపొడుపుగా కాదమ్మా, మామూలుగానే అంది. అదే నాకు ఇంకా బాధ.

ఆ యూరియా బస్తాల పక్కగా మెట్లు దిగుతుంటే అప్పుడు తట్టింది నాకు. వ్యాపారి ఒక్క ఏడు కాపు కోసం చివరి చెట్టు దాకా నడిచి చూస్తాడు. నేను కన్నకూతుర్ని పంపిస్తూ రెండు గదులు చూడలేదు. నేను మాట నిలబెట్టుకున్నానని గొప్పలు పోతున్నా, ఎవరికిచ్చానో ఆ మనిషే అక్కడ లేడు.

మూర్తి గారిని నేనేమీ అననమ్మా. ఇంతమంది పిల్లల్ని తెస్తేనే నీకు జీతం అని ఊళ్ళ మీదికి పంపించారంట ఆయన్ని. పెళ్ళాం బిడ్డలున్నవాడు. వెళ్ళేటప్పుడు తన పుస్తకాలన్నీ మీ అమ్మకిచ్చి, నన్ను క్షమించమని మీ నాన్న గారికి చెప్పమ్మా అన్నాడంట. మీ అమ్మ బీరువాలో అట్టలూడిన లావు పుస్తకాలున్నాయే, అవే. పారేస్తానంటే ఒప్పుకోదు, చూశావుగా.

ఆ మర్నాడే విజయవాడ బస్సెక్కా. పది రూపాయలు కూడా లేదప్పుడు టిక్కెట్టు. కాలేజీలో బతిమాలా. ఈ ఏటికి కుదరదండీ, వచ్చే ఏడు మళ్ళీ మొదటి సంవత్సరంలో చేర్చుకుంటాం అన్నారు. ఇంటికొచ్చి చెప్తే మీ అమ్మ వద్దంది. ఏడాది పోగొట్టుకోను, నేను పోతే ఈ పిల్లలకి చెప్పేవాళ్ళెవరు అంది. మూడేళ్ళూ అక్కడే చదివింది. తను పాసయింది, వాళ్ళనీ పాస్ చేయించింది. సీఏ మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఏ మొహం పెట్టుకుని ఎత్తను.

ఇప్పుడు చూడు, చుట్టుపక్కల మామిడి యార్డు వాళ్ళందరికీ ఆ జీఎస్టీ గొడవలన్నీ మీ అమ్మే చూస్తుంది. ఎవరు కనపడ్డా మీ అమ్మాయి ఉండబట్టి సరిపోయిందండీ అంటారు. సంతోషంగానే ఉంటుంది వినడానికి. ఆ వెంటనే, చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చిన పిల్ల కనపడుతుంది నాకు.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, మొన్న నువ్వు స్నేహితురాలింటికి వెళ్ళినప్పుడు ఇద్దరొచ్చారు. ఏదో కాలేజీ వాళ్ళు. రంగురంగుల కాగితాలు తెచ్చారు. నీ మార్కులు నాకంటే వాళ్ళకే బాగా తెలుసమ్మా, ఎక్కణ్ణుంచి సంపాదించారో. బస్సు ఫ్రీ అన్నారు, లాప్‌టాప్ అన్నారు, బీకాంతో పాటే సీఏ కోచింగన్నారు. చివరికి అదే మాట, పెద్దాయనా, సర్టిఫికెట్లు ఇప్పించండి, సీటు ఖాయం చేసేస్తాం అన్నారు. బీరువా తాళం నా మొలతాడుకే ఉంది. మీ అమ్మ వంటింటి గడప దగ్గర నించుంది, తడి చేతులతో. అట్టా చూస్తోంది.

"తోట నాది కాదు బాబూ" అన్నా. "తోట గలావిడ ఊళ్ళోకి వెళ్ళింది. ఆవిడ మీ కాలేజీ కళ్ళారా చూసేదాకా బేరం లేదు."

వాళ్ళకేమీ అర్థం కాలేదు. ఈ ముసలాయనకి మతి చెడిందనుకున్నారేమో, మొహామొహాలు చూసుకుని, చెరో పండూ తిని పోయారు. మీ అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. నీకు తెలుసుగా, నాకు షుగరని రోజుకి ఒక్క ముక్కే ఇస్తుంది, అదీ పిట్ట తినేంత. మొన్న బంగినపల్లి పండు పండంతా చెక్కు తీసి, ముక్కలు కోసి, ప్లేటు నా ఒళ్ళో పెట్టి వెళ్ళింది. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చేశాయమ్మా. తిన్నానా, తిన్నా. అంతా తిన్నా.

ఇదిగో, ఈ ఫైలు తీసుకో. నీ సర్టిఫికెట్లు. నా బీరువాలో ఎందుకు, నీ దగ్గరే ఉంచుకో. ఆ ఆన్‌లైన్ ఆప్షన్లేవో నీ చేత్తో నువ్వే పెట్టు. వచ్చే వారం కాలేజీలు తెరుస్తారంటున్నావు, క్లాసులు జరిగే రోజు చూసి వెళ్ళు. ఆఫీసులో వాళ్ళని కాదు, రెండో ఏడు చదివే పిల్లల్ని పలకరించు, అకౌంట్లు ఎవరు చెప్తున్నారు, ఎన్నాళ్ళ నుంచీ చెప్తున్నారు అని. నీ లిస్టులో మూడు కాలేజీలున్నాయన్నావుగా, మూడూ తిరుగు.

అందులో ఆ విజయవాడ కాలేజీ కూడా ఉందిగా. దానికి వెళ్ళేటప్పుడు మీ అమ్మని తీసుకెళ్ళు. నచ్చకపోతే వచ్చెయ్యండి, నువ్వక్కడే చేరాలని నేననట్లా. నేను ఇంకెవరికీ ఏ మాటా ఇవ్వను. ఆ గేటు లోపల మీ అమ్మ ఇంతవరకూ కాలు పెట్టలేదమ్మా. ఒక్కసారి నీతో కలిసి లోపలికి నడిచి, ఆ క్లాసు గదులు చూసొస్తే చాలు.

ఎండగా ఉంటుంది, చెప్పులు వేసుకుని వెళ్ళండి ఇద్దరూ. నువ్వు కోరుకున్నది నువ్వు చదువుకో తల్లీ, చల్లగా ఉండు. ఇక ఆ ఫోను కట్టెయ్, అమ్మ వస్తున్నట్టుంది.