దుకాణం ముందు ఇద్దరు

ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీలో, దుకాణాలన్నీ ధరలు తగ్గించి అమ్మే బ్లాక్ ఫ్రైడే పొద్దున, సన్నటి వానలో, టీవీల దుకాణం మూసిన తలుపు ముందు ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఒకావిడ వచ్చి ఆయన వెనక నిలబడింది.

“ఏం కొంటావమ్మా?”

“టీవీ. మీరో?”

“ఏమీ లేదు. అమెరికా వాళ్ల పండగ మనకెందుకని మా ఆవిడ తిట్టేది. తిడుతూనే ఏటా నాకంటే ముందొచ్చి నిలబడేది.”

“ఈసారి రాలేదా?”

“వేసవిలో పోయింది.”

“అయ్యో.”

“అప్పట్లో క్యూ బస్టాపు దాకా ఉండేది. ఫ్లాస్కులో టీ అందరం పంచుకునేవాళ్లం. ఇప్పుడంతా ఫోన్లలోనే కొనేస్తున్నారు.”

“ఇంతకీ ఎప్పుడు తెరుస్తారండీ?”

“తెరిచే ఉందమ్మా. తోస్తే చాలు.”

“మరి మీరెందుకు నిలబడ్డారు?”

“మన ఇంగ్లీషువాళ్ల సంగతి తెలుసు కదా. ఒకడు నిలబడితే, ఎందుకని అడక్కుండా వెనక ఇంకొకరు నిలబడతారు. నువ్వు నిలబడలేదూ?”

“బాగానే ఉంది మీ వరస! ఊరికే వానలో తడిపారు నన్ను.”

“తప్పేనమ్మా. వెళ్లు, టీవీలు అయిపోతాయి.”

ఆమె కదల్లేదు. ఇంతలో గొడుగు వేసుకుని ఒకతను వచ్చాడు.

“క్యూ చివర ఇదేనా అండీ?”

“ఇదేనండీ,” అందామె. “నా వెనక నిలబడండి.”