ఓర్ఫా పెట్టిన పొగ

మీ తాత తన కొట్లో అమ్మే చిల్లీకి ఆ పొగ రుచి ఎలా తెచ్చేవాడనా? కూర్చో అమ్మాయ్, చెబుతా. అడిగావు కాబట్టి చెబుతున్నా, తర్వాత నా మీద అలగకు. తెచ్చింది మీ తాత కాదు. ఆ కొట్లో నాతోపాటు పనిచేసిన మా అక్క ఓర్ఫా. అలా చూడకు, మీ తాతంటే నాకూ గౌరవమే. సముద్రం దాటొచ్చి, ఈ సిన్సినాటిలో కొట్టు పెట్టి, తన మేసిడోనియా దేశపు మసాలాలతో వండిన చిల్లీ, అదే ఈ ఖైమా పులుసు, స్పగెట్టి మీద పోసి ఊరందరి చేతా తినిపించాడు. మాంసాన్ని వేయించేవాడు కాదు. ఖైమా పచ్చిగానే చన్నీళ్ళలో పిసికి పొయ్యెక్కించేవాడు. వేయించినవాణ్ణి కొట్లోంచి గెంటేసేవాడు, ఇద్దర్ని నా కళ్ళముందే గెంటాడు. ఆ గోల అలా ఉంచు. ఏం చెబుతున్నా? ఆఁ, పొగ. అదంతా ఉపవాసంతో మొదలైంది. ఈస్టరు ముందు ఏడు వారాలు మీ తాత వాంగెల్ మాంసం ముట్టేవాడు కాదు. రుచి కూడా చూడడు. చిల్లీ కొట్టువాడికి అదెంత కష్టమో ఆలోచించు. తలుపేసుకుని మసాలా కలిపి తెచ్చి, అక్క ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. 'ఉప్పు?' అంటాడు. 'చాలు.' 'దాల్చిన చెక్క?' 'ఇంకో చిటికెడు పడాలయ్యా.' మారు మాట్లాడకుండా వేసేవాడు. మిగతా ఏడాదంతా అక్క బల్లలు తుడిచే మనిషే, ఆ ఏడు వారాలు మాత్రం కొట్టంతా ఆవిడ నోటిమీదే నడిచేది.

అలాంటి ఓ ఉపవాసంలో అక్కకి బుద్ధి పుట్టింది. మాది కెంటకీ కొండలు కదా, పందితొడకి హికరీ కట్టెల పొగ పెట్టేవాళ్ళం. అదే పొగ గొడ్డు మాంసానికి పెడితే ఏం పోయిందీ అంది. పెరట్లో పాత పీపా తిరగేసి, తెల్లారకముందే కట్టెలు రాజేసేది, నేను చీల్చి ఇచ్చేవాణ్ణి. పొగ పట్టిన మాంసాన్ని సన్నగా తరిగి చిల్లీలో కలిపింది. మీ తాత వాసన చూసి, నా కొట్టు తగలబెట్టావా అని ఎగిరాడు. మధ్యాహ్నానికి జనం రెండో పళ్ళెం అడుగుతుంటే నోరు మూసుకున్నాడు. ఈస్టరు నాడు చర్చిలోంచి తిన్నగా వచ్చి చెంచాడు తిన్నాడు. ఇంకో చెంచా తీసుకున్నాడు. 'ఇక ఇలాగే చెయ్' అన్నాడు. అంతే, ఆ వారమంతా అక్క పాడుకుంటూ తిరిగింది. నవ్వొస్తోందా? అక్కని అంత సంతోషంగా ఎప్పుడూ చూళ్ళేదు నేను.

తర్వాత పత్రికాయన వచ్చాడు. ఈ పొగ సంగతేంటండీ అన్నాడు. మీ తాత ఛాతీ విరుచుకుని, 'మా అమ్మ చేసేది, మా ఊళ్ళో' అన్నాడు. వాళ్ళ ఊళ్ళో ఎద్దంటే దున్నడానికే గాని కోయడానికి కాదని నాకు ఆయనే వందసార్లు చెప్పాడు. పోనీ అక్కడితో ఆగిందా, ఆ పత్రికాయన నా వైపు తిరిగి, నువ్వూ పాతవాడివేగా, నిజమేనా అన్నాడు. మూడడుగుల దూరంలో అక్క, మోచేతి దాకా పళ్ళేలు పేర్చుకుని, నా మొహం చూస్తూ నిలబడింది. ఇద్దరు పిల్లలు నాకు. ఈ కొట్లో చేరకముందు ఓ చలికాలమంతా పని లేదు. 'అవునండీ, వాళ్ళమ్మగారిదే' అన్నాను. అక్క ఆ పళ్ళేలు ఎవరివి వాళ్ళకి పెట్టింది, ఒక్కటీ తారుమారు కాలేదు. సాయంత్రం దాకా పని చేసి, ఏప్రన్ మడతపెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ గుమ్మం తొక్కలేదు.

మరుసటి ఏడు ఉపవాసం రాగానే మీ తాతకి చెయ్యి విరిగినట్టయింది. ఉప్పెక్కువో తక్కువో చెప్పే దిక్కులేదు. పోయి మీ అక్కని బతిమాలుకు రారా అని నన్నే పంపాడు. వెళ్ళాను. అప్పటికి ఏదో బట్టల ఉతుకు కొట్లో చేస్తోంది, చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. విషయం చెప్పాను. కోప్పడుతుందనుకున్నా, తిడితే బాగుండుననుకున్నా. కుర్చీ చూపించింది. 'వాంగెల్ పరాయివాడు, వాడి పేరు కోసం వాడు చెప్పుకున్నాడు. కట్టెలు కొట్టినవాడివి నువ్వు. నువ్వెందుకు చెప్పావురా?' అంది.

నేనేమన్నానా?

నీ కాఫీ చల్లారిపోతోంది, తాగమ్మా.