బండ మీద ఫోను

పలమనేరు అవతల, గుట్ట వెనక మామిడితోటలో ఒంటి ఇల్లు. సిగ్నలు చూడ్డానికి వచ్చిన ఫోను కంపెనీ మనిషి ఏబెల్‌ను ఆ ఇంటి కోడలు లోకేశ్వరి పశువుల కొట్టం దగ్గర ఆపింది.

"నాలుగు గీతలా? మా ఇంట్లోనా? సరిగ్గా సూడన్నా."

"సూసినాను కదక్కా. వంటింట్లోనూ నాలుగే."

"నిన్నటిదాకా ఒక్కటీ లేదే! టవరు గుట్టకు అవతల గదా ఉండేది?"

"టవరు పాతదే. దానికి కొత్త బ్యాండు పెట్టినాము. ముందుండిన తరంగాలు పొట్టివి, గుట్ట తగిలితే ఆడనే నిలిచిపోతా ఉండె. ఇవి పొడుగు. గుట్ట మీంచి వంగి దిగతాయి, గోడల్లోనూ దూరతాయి. ఇంక ఫోను కోసం నువ్వు ఇంటెనక ఆ బండ ఎక్కే పనే లేదు."

"ఈ మాట మా అత్తకు చెప్పినావా?"

"ఇంకా లేదు. పండుకోనుండాదని..."

"చెప్పొద్దు. ఈడ రాదని చెప్పు."

"అదేందక్కా? రోజూ ఎండలో..."

"నాకు ఎక్కడం అలవాటేలే."

"వచ్చేదాన్ని రాదని ఎట్ల చెప్పేది?"

"అన్నా, నీకు దండం పెడతా."

"ఏమైందక్కా?"

"మా ఇంటాయన ధనంజయ. సూళ్లూరుపేట కాడ ఫ్యాక్టరీలో పని చేస్తా ఉండె. అత్తకు ఒక్కడే కొడుకు."

"చేస్తా ఉండె అంటే?"

"ఎనిమిది నెలలాయ. క్రేను తాడు తెగి... ఆడనే కాల్చేసి వచ్చినాము, నేనూ మా అన్నా."

"అయ్యో! మరి బొట్టు, గాజులు..."

"అత్త సూస్తాదని. అప్పుడే ఆమెకు గుండెకు స్టెంటు వేసి ఉండ్రి. డాక్టరు చెప్పొద్దన్నాడు. రేపు చెప్తాం, ఎల్లుండి చెప్తాం అనుకుంటానే..."

"మరి ఆ బండ మీద?"

"ఊరికే ఫోను చెవికి పెట్టుకుంటా. దిగొచ్చి, బాగుండాడంట, నిన్ను మాత్ర మింగమన్నాడంట అని చెప్తా. ఇంట్లోనే సిగ్నలొస్తే, ఏదీ ఇట్లియ్యి, నేను మాట్లాడతా అంటాది. ఎవురి గొంతు వినిపించేదన్నా?"

ఇంట్లోంచి అత్త పిలుపు వినిపించింది.

"అదిగో, నిన్ను పిలస్తా ఉండాది. పో అన్నా. నేను పాలు పోసొస్తా."

లోకేశ్వరి పాలకేంద్రానికి వెళ్లింది. ఏబెల్ లోపలికి వచ్చాడు. మంచంమీద అత్త తిరుమలమ్మ.

"ఫోనాయనేనా? సూసినావా, మా ఇంట్లో వస్తాదా?"

"లేదవ్వా. గుట్ట అడ్డం. రాదు."

"నిజంగానా?"

"ఆ... నిజమే అవ్వా."

"వంటింట్లో నువ్వే నాలుగు గీతలని అనుకుంటివే. నేను ఇనలేదా?"

"అదీ... అవ్వా..."

"పోనీలే. రాదనే చెప్పు. ఊర్లోనూ అట్లే చెప్పు."

"నీకూ వద్దా?"

"వాడు పోయినాడని నాకు తెలుసు నాయనా."

"అవ్వా!"

"ఒకదినం కోడలు ఫోను ఈ మంచం మీదనే మరిచిపోయి బండెక్కింది. దిగొచ్చి, మాట్లాడినాడు అత్తా, బాగుండాడంట అనింది. ఆ దినమే తెలిసిపాయ."

"మరి ఆ మాట ఆయక్కను అడగలేదా?"

"అడిగితే నాకేమైనా అవుతాదని ఏడుపంతా మింగేస్తాది. ఇరవై నాలుగేండ్ల పిల్ల. అది ఏడ్చేది ఆ బండ మీదనే. గాలి ఇట్ల తిరిగితే నాకు ఇనపడతాది. ఇంట్లోకి సిగ్నలొచ్చేస్తే, అది యాడికి పోయి ఏడవాల నాయనా?"